ఓడిపోతున్న జట్టు ఉన్న మంచి ఆటగాళ్లను కూడా ఎందుకు ఇచ్చేస్తుంది? ఒక షార్క్స్ అభిమాని జవాబు

మీరు అడిగింది ఇది: "2019 తర్వాత వరసగా ఆరు సీజన్లు ప్లేఆఫ్స్‌కి వెళ్లని అమెరికా ఐస్ హాకీ జట్టు శాన్ హోసే షార్క్స్, ఉన్న కొద్దిమంది మంచి ఆటగాళ్లను కూడా ట్రేడ్ చేస్తూ పోతే ఎప్పటికి బాగుపడుతుంది? అభిమానులు ఎలా భరిస్తున్నారు?"

ముందు సూటిగా చెప్తాను. పెద్ద పేర్లను ఇచ్చేయడం సరైన పనే. టొమాష్ హెర్టల్‌ను ఇచ్చేసిన రాత్రి నాకు ఏడుపొచ్చింది. అయినా అది సరైన ట్రేడే అని ఇవాళ ఒప్పుకుంటాను. ఫేబియన్ జెటర్‌లండ్‌ను ఇవ్వడం మాత్రం తప్పు. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. అయితే అసలు పొరపాటు 2018లో జరిగింది, అదీ ఒక స్టార్‌ను తెచ్చుకోవడంలో. ఆ రోజు సంబరపడినవాళ్లలో నేనూ ఉన్నాను.

నాది అనంతపురం జిల్లా. ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాను. ఇల్లు హలసూరులో, ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో. 2017 చివర్లో కంపెనీ పని మీద శాన్ హోసే వెళ్లి రెండేళ్లకు పైగా ఉన్నాను. వెళ్లిన కొత్తలో సాయంత్రాలు గడిచేవి కావు. ఒక శనివారం తోటి ఉద్యోగి, టికెట్ ఒకటి మిగిలిపోయిందని నన్ను మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. లైట్ రైల్లో డిరిడాన్ స్టేషన్ దగ్గర దిగితే దగ్గర్లోనే ఎస్ఏపీ సెంటర్. లోపల లైట్లన్నీ ఆర్పేసి పైనుంచి పెద్ద సొరచేప తల ఒకటి దించుతారు. పొగ కమ్ముకున్న దాని నోట్లోంచి ఆటగాళ్లు ఒక్కొక్కరే మంచు మీదికి దూసుకొస్తారు. వేల మంది ఒక్క గొంతుతో అరుస్తారు. ఆ రోజు నాకు రూల్స్ తెలియవు, పక్ (బంతి బదులు వాడే చిన్న బిళ్ల) ఎటు పోతోందో కంటికి ఆనలేదు. కానీ 48వ నంబరు ఆటగాడు నవ్విన తీరు గుర్తుండిపోయింది. హెర్టల్ అంటే అతనే. చెక్ రిపబ్లిక్ వాడు, 2012 డ్రాఫ్ట్‌లో షార్క్స్ 17వ పిక్‌తో ఎంచుకున్న కుర్రాడు. తర్వాతి నెల జీతం రాగానే ఆ జెర్సీ కొన్నాను.

క్రికెట్ మాత్రమే చూసేవాళ్లకు ఈ ట్రేడ్‌ల లెక్క కొంచెం చెప్పాలి. ఐపీఎల్‌లో కొన్నేళ్లకోసారి మెగా వేలం వస్తుంది, జట్టును దాదాపు మొదటి నుంచి కట్టుకోవచ్చు. షార్క్స్ ఆడే ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో వేలం లేదు. కుర్రాళ్లు ఎక్కువగా డ్రాఫ్ట్ దారిలోనే వస్తారు. పట్టికలో కింద ఉన్న జట్లకు ముందుగా ఎంచుకునే వీలుంటుంది. ఆ వంతునే పిక్ అంటారు. రాబోయే ఏళ్ల పిక్‌లను కూడా ఇప్పుడే ఇచ్చి ఆటగాడిని తెచ్చుకోవచ్చు. అంటే రేపటి పంటను ఇవాళే అమ్ముకోవచ్చు. దీనికి తోడు సాలరీ క్యాప్, అంటే జట్టు మొత్తం జీతాలకు పరిమితి ఉంది. 2023-24లో అది 8.35 కోట్ల డాలర్లు. ఓనర్ ఎంత ధనవంతుడైనా ఆ గీత దాటకూడదు. అందుకే ముప్పై ఏళ్ల స్టార్‌కు ఎనిమిదేళ్ల కాంట్రాక్టు ఇస్తే అది ఎనిమిదేళ్లూ నెత్తి మీద కూర్చుంటుంది. దించుకోవాలంటే అతని జీతంలో కొంత మనమే మోస్తూ వేరే జట్టుకు ఇవ్వాలి. అలా మోయడం కూడా ఒకేసారి ముగ్గురి వరకే.

ఇక 2018. ఆ సెప్టెంబర్‌లో షార్క్స్ ఒట్టావా నుంచి ఎరిక్ కార్ల్‌సన్‌ను తెచ్చుకుంది. ఏటా ఉత్తమ డిఫెన్స్‌మన్‌కు ఇచ్చే నోరిస్ ట్రోఫీని అప్పటికే రెండుసార్లు గెలిచినవాడు. బదులుగా కొందరు ఆటగాళ్లను, పిక్‌లను ఇచ్చింది. అందులో ఒకటి మొదటి రౌండ్ పిక్. 2019 జూన్‌లో అతనికే ఎనిమిదేళ్లకు 9.2 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. ఆఫీసులో మేమంతా పండగ చేసుకున్నాం.

మా నాయన వేరుశనగ రైతు. ఇంట్లో విత్తనపు కాయల మూట ఒకటి వేరుగా ఉండేది. వానలు లేని ఏడాది తిండికి అప్పు చేసేవాడు గానీ ఆ మూట విప్పనిచ్చేవాడు కాదు. షార్క్స్ ఆ మూట విప్పింది. 2019-20లో జట్టు పశ్చిమ కాన్ఫరెన్స్‌లో, అంటే లీగ్‌లోని పశ్చిమ సగంలో, చిట్టచివరికి పడిపోయింది. పిక్ ఒట్టావా చేతిలో ఉంది కాబట్టి మన ఓటమి ఫలం వాళ్లకు దక్కింది. 2020 డ్రాఫ్ట్‌లో ఆ మూడో పిక్‌తో వాళ్లు టిమ్ స్టుట్స్‌లెను తీసుకున్నారు. అతను ఇప్పుడు అక్కడ పెద్ద స్టార్. నేను ఏ ట్రేడ్ గురించి ఆలోచించినా చివరికి ఆ మూడో పిక్ దగ్గరికే వచ్చి ఆగుతాను.

ఆ మూట విప్పడానికి వాళ్ల కారణం వాళ్లకుంది. 2016లో లీగ్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్లి పిట్స్‌బర్గ్ చేతిలో ఓడిపోయారు. ఇంకొక్క అడుగు అనే ఆశ. 2019 ఏప్రిల్ 23న ప్లేఆఫ్స్‌లో వేగాస్‌తో ఏడో మ్యాచ్, అంటే సిరీస్‌ను తేల్చే మ్యాచ్, చూసినవాళ్లెవరూ ఆ ఆశను తప్పు పట్టరు. నేను టికెట్ దొరక్క ఒక స్నేహితుడి అపార్ట్‌మెంట్‌లో చూశాను. మూడో పీరియడ్‌లో 0-3తో వెనకబడి ఉన్నాం. కెప్టెన్ జో పవెల్‌స్కీ తలకు దెబ్బ తగిలి పడిపోయాడు. వేగాస్‌కు ఐదు నిమిషాల పెనాల్టీ పడింది, అంటే అంతసేపూ వాళ్లు ఒక మనిషి తక్కువగా ఆడాలి. ఆ ఐదు నిమిషాల్లో షార్క్స్ నాలుగు గోల్స్ కొట్టింది. కుచూర్ రెండు, హెర్టల్ ఒకటి, లబాంక్ ఒకటి. వేగాస్ సమం చేస్తే, ఓవర్‌టైంలో బార్క్లే గుడ్రో గెలిపించాడు. దానికి రెండు రోజుల ముందు ఆరో మ్యాచ్‌లో, రెండో ఓవర్‌టైంలో, ఒక మనిషి తక్కువగా ఆడుతున్నప్పుడు గోల్ కొట్టి మమ్మల్ని బతికించినవాడు హెర్టల్. అతను వెళ్లిపోతే నాకు ఎందుకంత బాధ కలిగిందో అర్థం చేసుకోవడానికి ఇది చాలు.

నేను బెంగళూరు తిరిగి వచ్చాక జట్టు ఏటా దిగజారుతూ వచ్చింది. 2022 జులైలో మైక్ గ్రియర్ జనరల్ మేనేజర్‌గా వచ్చాడు. వచ్చిన నెలలోనే బ్రెంట్ బర్న్స్‌ను కరోలినాకు ఇచ్చేశాడు. 2023 ఫిబ్రవరిలో టీమో మైయర్ న్యూజెర్సీకి వెళ్లాడు. ఆ ఆగస్టులో కార్ల్‌సన్ పిట్స్‌బర్గ్‌కి వెళ్లాడు. ఆ ముందు సీజన్లోనే కార్ల్‌సన్ గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి 101 పాయింట్లు చేశాడు. ఒక డిఫెన్స్‌మన్ నూరు దాటడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి. అంత ఆడినా జట్టు కిందే ఉంది. నా మనసు మారింది అక్కడే. నూరు పాయింట్ల డిఫెన్స్‌మన్ ఉండి కూడా ఓడిపోయే జట్టుకు ఇంకొక స్టార్ వచ్చి చేసేది ఏమీ ఉండదు.

2023-24 మొదలవడమే వరసగా 11 ఓటములు. షార్క్స్ సొంతూరి మ్యాచ్‌లు మనకు మరునాడు ఉదయం ఏడున్నర, ఎనిమిదిన్నర ప్రాంతంలో పడతాయి. నేను హలసూరులో పర్పుల్ లైన్ ఎక్కి వైట్‌ఫీల్డ్ చేరేలోపు ఫోన్లో చూస్తుంటాను. నవంబర్ మొదటి వారంలో వాంకూవర్ చేతిలో 10-1. రెండు రోజులకే పిట్స్‌బర్గ్ చేతిలో 10-2. మనం ఇచ్చేసిన కార్ల్‌సన్ అవతలి జట్టులో ఉన్నాడు. ఫిలడెల్ఫియా మీద 2-1తో మొదటి గెలుపు వచ్చిన రోజు, రైల్లో ఎవరూ పట్టించుకోకపోయినా, నేను నిలబడి చేతులు పైకెత్తాను.

2024 మార్చి 8 మహాశివరాత్రి. ట్రేడ్‌లకు ఆఖరి రోజు కూడా అదే. గడువు అక్కడ మధ్యాహ్నం పన్నెండు, మనకు రాత్రి ఒకటిన్నర. ఎలాగూ జాగరణే. అమ్మతో కలిసి హలసూరు సోమేశ్వరస్వామి గుడికి వెళ్లాను. దర్శనం అయ్యాక మంటపం పక్కన కూర్చున్నాం, భజన సాగుతోంది. గడువు దాటిపోయింది, హెర్టల్ పేరు ఎక్కడా లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆఖరి క్షణంలో కుదిరిన ట్రేడ్‌ల వార్తలు గడువు దాటాక కూడా వస్తుంటాయి. కాసేపటికి ఫోన్ మోగింది. హెర్టల్ వేగాస్‌కు. మనం ఏడో మ్యాచ్‌లో ఓడించిన అదే వేగాస్‌కు.

నా ముఖం చూసి అమ్మ భయపడింది. "ఏమైంది నాయనా, ఎవరికేమైంది?"

"ఏం లేదమ్మా. మా జట్టులో ఒకతన్ని వేరే జట్టుకు ఇచ్చేసినారు."

"బాగా ఆడడా?"

"శానా బాగా ఆడతాడు."

"మరి ఎందుకిచ్చినారు?"

మీరు అడిగిన ప్రశ్నే. ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడుంది. హెర్టల్‌కు అప్పటికి 30 ఏళ్లు, అప్పుడే మోకాలికి సర్జరీ అయింది, కాంట్రాక్టు 2030 దాకా ఉంది. షార్క్స్ దగ్గరున్న కుర్రాళ్లు పెద్దవాళ్లయ్యేసరికి అతనికి ముప్పై నాలుగో ముప్పై అయిదో వస్తాయి. అతని అనుమతి లేకుండా కదపడానికి వీల్లేని షరతు కాంట్రాక్టులో ఉంది, కాబట్టి అతను సరే అన్నాకే ఇది జరిగింది. కప్పు గెలిచే అవకాశం ఉన్న చోటికి వెళ్లాలనుకోవడం అతని హక్కు. అతని జీతంలో 17 శాతం షార్క్స్ మోయడానికి ఒప్పుకుంది. బదులుగా డేవిడ్ ఎడ్‌స్ట్రమ్ అనే కుర్రాడు, 2025 మొదటి రౌండ్ పిక్ వచ్చాయి. రెండు మూడో రౌండ్ పిక్‌లు అటు పోయాయి. ఆ రాత్రికి అది చాలా తక్కువగా కనిపించింది. కానీ ఆగస్టులో ఆ ఎడ్‌స్ట్రమ్‌నూ ఆ పిక్‌నూ కలిపి నాష్‌విల్‌కు ఇచ్చి గోల్‌కీపర్ యరోస్లావ్ అస్కరోవ్‌ను తెచ్చారు. 2020 డ్రాఫ్ట్‌లో 11వ పిక్, అప్పటికి ఇరవై రెండేళ్లే. గోల్‌కీపర్ దొరకడం ఎంత కష్టమో 10-1 మ్యాచ్‌లు చూసినవాళ్లకు తెలుసు.

కార్ల్‌సన్ ట్రేడ్ ఇంకా దూరం వెళ్లింది. దాంట్లో మికాయెల్ గ్రాన్‌లండ్ వచ్చాడు, పిట్స్‌బర్గ్ మొదటి రౌండ్ పిక్ వచ్చింది. ఆ పిక్ 2024లో 14వది అయింది. దానికి ఇంకో పిక్ కలిపి బఫలోకు ఇచ్చి, మూడు మెట్లు పైకెక్కి 11వ స్థానంలో సామ్ డికిన్సన్ అనే డిఫెన్స్‌మన్‌ను ఎంచుకున్నారు. గ్రాన్‌లండ్ ఏడాదిన్నర బాగా ఆడాడు. అతన్ని 2025 ఫిబ్రవరిలో కోడీ సీసీతో కలిపి డల్లాస్‌కు ఇస్తే మరో మొదటి రౌండ్ పిక్ వచ్చింది. దాంతో జూన్‌లో జాషువా రావెన్స్‌బర్గెన్ అనే గోల్‌కీపర్‌ను తీసుకున్నారు. ముప్పై మూడేళ్ల ఒక్క ఆటగాడు, 11.5 మిలియన్ డాలర్ల జీతం, ఇన్ని చేతులు మారి ఇద్దరు టీనేజ్ కుర్రాళ్లయ్యాడు. ఏటా 15 లక్షల డాలర్ల భారం మాత్రం 2027 దాకా మనదే. ట్రేడ్ జరిగిన రోజు పేర్లు పక్కపక్కన పెట్టి ఎవరు గెలిచారని తేల్చడం నేను మానేసింది ఇవన్నీ చూశాకే.

మరి జెటర్‌లండ్ సంగతి. మైయర్‌ను ఇచ్చినప్పుడు న్యూజెర్సీ నుంచి వచ్చినవాడు. 2023-24లో, అంటే జట్టుకు పట్టికలో 47 పాయింట్లే వచ్చిన ఆ దారుణమైన సీజన్లో, 82 మ్యాచ్‌లూ ఆడి 24 గోల్స్ కొట్టాడు. స్టాండ్స్ సగం ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా ప్రతి పక్ వెనక పరిగెత్తాడు. 2025 మార్చి 7న, అదే అర్ధరాత్రి వేళ, అతన్ని ఒట్టావాకు ఇచ్చేశారు. బదులుగా జాక్ ఓస్టాప్‌చుక్, నోవా గ్రెగర్, ఒక రెండో రౌండ్ పిక్. అతనికి పాతికేళ్లు. హెర్టల్‌కు చెప్పిన వయసు కారణం ఇతనికి వర్తించదు. జట్టు లేచేనాటికి సరిగ్గా మంచి వయసులో ఉండాల్సినవాడు. ఇల్లు పీకి కట్టేటప్పుడు పాత తలుపులు అమ్ముకుంటాం సరే, కొత్త ఇంటికి పనికొచ్చే దూలాన్ని కూడా అమ్ముకుంటే ఎలా? ఓస్టాప్‌చుక్ ఎత్తరి, బలమైన సెంటర్. అతను నిలదొక్కుకుంటే నా మాట వెనక్కి తీసుకుంటాను. ప్రస్తుతానికి నా కోపం నాకుంది.

ఈ కోపం ఎక్కణ్నుంచి వస్తుందంటే, కుర్రాళ్లు ఖాళీ ఇంట్లో పెరగలేరు. వరసగా ఓడిపోవడం అలవాటైతే ఎంత ప్రతిభ ఉన్నా బూజు పడుతుంది. షార్క్స్‌కు ఇది తెలియదని కాదు. 2024లో మొదటి పిక్‌తో వచ్చిన మాక్లిన్ సెలెబ్రినీ తొలి సీజన్ అంతా షార్క్స్ మాజీ స్టార్ జో థోర్న్‌టన్ ఇంట్లో ఉన్నాడు. జట్టులోని మరో కుర్రాడు విల్ స్మిత్ ఇంకో మాజీ స్టార్ ప్యాట్రిక్ మార్లో ఇంట్లో ఉన్నాడు. ఆ థోర్న్‌టన్ ఈ ఊరికి ఎలా వచ్చాడు? 2005 నవంబర్ 30న బోస్టన్‌తో చేసిన ట్రేడ్‌లో. ముగ్గురిని ఇచ్చి తెచ్చుకున్నారు. అదే సీజన్లో అతను లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ గెలిచాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ మనిషి ఇంట్లోనే జట్టు భవిష్యత్తు అన్నం తిని పెరిగింది. ఒక ట్రేడ్ ఇంతకాలం ఫలాన్నివ్వడం నేను ఇంకెక్కడా చూడలేదు.

మా ఆఫీసులో కొడగు నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన ఉన్నాడు. బెంగళూరులో నా బాధ వినే మనిషి ఆయనొక్కడే, ఎందుకంటే వాళ్ల ఊళ్లో హాకీ అంటే ప్రాణం. 1997 నుంచి అక్కడ కొడవ కుటుంబాల హాకీ పండగ జరుగుతుంది. ఇంటిపేరే జట్టు. తాతలూ మనవలూ, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి ఒకే జట్టులో ఆడతారు. 2024లో నాపోక్లులో 360 కుటుంబాలు ఆడాయి. హెర్టల్ సంగతి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఆలోచించి, మా దగ్గర ఎంత చెత్తగా ఆడినా వాడు మా ఇంటివాడే కదా అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు. పక్క టేబుల్ ఆర్‌సీబీ అభిమానులు కూడా 18 సీజన్లు కోహ్లీని పట్టుకునే కూర్చుని, 2025 జూన్‌లో కప్పు చూశారు. ఎవరినీ వదలకుండా ఎదురుచూడటం కూడా ఒక దారే, నేను కాదనను. కానీ క్యాప్, డ్రాఫ్ట్ ఉన్నచోట ఆ దారికి ఖరీదు ఎక్కువ.

ఓడిపోతే చాలు, మంచి పిక్ వస్తుందనేవాళ్లకు కూడా ఒక మాట. అది లాటరీ. 2023లో అందరూ కోరుకున్న కానర్ బెడార్డ్ చికాగోకు పోయాడు, మనకు నాలుగో పిక్ వచ్చింది. 2024లో చివరి స్థానంలో ఉన్నా మొదటి పిక్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతే. అదృష్టం కలిసొచ్చి సెలెబ్రినీ వచ్చాడు. 70 మ్యాచ్‌ల్లో 63 పాయింట్లు చేశాడు. 2025లో మళ్లీ చివరి స్థానమే, అయినా మొదటి పిక్ న్యూయార్క్ ఐలాండర్స్‌కు వెళ్లింది. మనకు రెండోది, మైఖేల్ మీసా. ఓడిపోవడం మీద నమ్మకం పెట్టుకుని జట్టు కట్టలేం.

2025 వేసవిలో దిమిత్రి ఓర్లోవ్, జాన్ క్లింగ్‌బర్గ్, జెఫ్ స్కిన్నర్ లాంటి అనుభవజ్ఞులను తెచ్చారు. కుర్రాళ్లకు పక్కన పెద్దవాళ్లు కావాలని ఇప్పటికి గుర్తొచ్చింది, సంతోషం. 2025 సెప్టెంబర్ 5న మాంట్రియల్ నుంచి గోల్‌కీపర్ కేరీ ప్రైస్ కాంట్రాక్టు తీసుకున్నారు. మోకాలి గాయంతో 2022 తర్వాత అతను మ్యాచ్ ఆడలేదు, ఇక ఆడడు. మరి ఎందుకంటారా? క్యాప్‌కు పై గీత ఉన్నట్టే కింది గీత కూడా ఉంది. 2025-26లో అది 7.06 కోట్ల డాలర్లు. అంతకంటే తక్కువ ఖర్చు చేయకూడదు. పైగా ఆ కాంట్రాక్టుతో పాటు ఐదో రౌండ్ పిక్ ఒకటి వచ్చింది. ఇలాంటి వాటి మీద కోపం తెచ్చుకోకండి.

అభిమానులు ఎలా భరిస్తున్నారని అడిగారు కదా. నా మటుకు నేను కుర్రాళ్ల ఆట చూస్తూ భరిస్తున్నాను. 2024-25లో షార్క్స్ మ్యాచ్ లేని రోజు వాళ్ల కింది జట్టు బారాకుడా హైలైట్స్ పెట్టుకుని అస్కరోవ్‌ను చూసేవాణ్ని. నేను కొన్న 48వ నంబరు జెర్సీని ఎవరికీ ఇవ్వలేదు.

2025-26 సీజన్ మొదటి మ్యాచ్ 2025 అక్టోబర్ 9న, సొంతూళ్లో, వేగాస్‌తో పడింది. హెర్టల్ అటు జట్టు, సెలెబ్రినీ ఇటు జట్టు. మనకు 10వ తేదీ ఉదయం. ఆ పూట సెలవు పెట్టాను. ఆ శివరాత్రి చెప్పలేకపోయిన జవాబు అంతకుముందే అమ్మకు చెప్తే, ఆ హెర్టల్‌ను తనూ ఒకసారి చూస్తానంది.